జాతరకు పోదాం... గుడిసె వేద్దాం!
తక్కువ ఖర్చుతో చేతివృత్తుల దుకాణం

హుస్నాబాద్: సంక్రాంతి దగ్గర పడుతున్నదంటే ఈ ప్రాంతంలోని కుమ్మరి వాముల్లో పొగ ఆగదు. మేదరి వాకిళ్లలో వెదురు చీల్చే చప్పుడు పొద్దుపోయే దాకా వినపడుతూనే ఉంటుంది. పంట చేతికొచ్చిన రైతు నాలుగు పైసలు చేతిలో పెట్టుకుని జాతరకు బయలుదేరేది ఈ రోజుల్లోనే. ఏడాదంతా ఇంటి ముందు పేర్చిపెట్టినా అమ్ముడుపోని కుండలు, గంపలు మూడు రోజుల జాతరలో అమ్ముడుపోతాయి. అయితే ఆ మూడు రోజుల్లో వచ్చిన డబ్బులో ఇంటికి చేరేదెంత, దారిలోనే కరిగిపోయేదెంత అన్నది మాత్రం దుకాణం వేసిన తీరును బట్టే ఉంటుంది.

హుస్నాబాద్‌కు చేరువలో భీమదేవరపల్లి మండలంలోని కొత్తకొండ వీరభద్రస్వామి జాతర ఈ ప్రాంతంలో పేరున్న జాతర. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు హుస్నాబాద్ సిద్దిపేట జిల్లాలోకి, కొత్తకొండ నేటి హనుమకొండ జిల్లాలోకి పోయాయి. అంతకు ముందు రెండూ కరీంనగర్ జిల్లాలోవే. జిల్లాలు మారినా జాతర దారి మారలేదు. భక్తులు స్వామికి గుమ్మడికాయలు, కోరమీసాలు సమర్పించుకుంటారు. కడిపికొండ నుంచి కుమ్మరులు వీరబోనంతో వస్తారు. వేలేరు నుంచి మేకలు కట్టిన బండ్లు వస్తాయి. ఇంతమంది జనం చేరే చోట మట్టికుండకూ, వెదురుబుట్టకూ, కొయ్యబొమ్మకూ గిరాకీ ఉంటుందని వేరే చెప్పనవసరం లేదు.

కొత్తకొండతో ఆగేది కాదు. సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆదివారం ఆదివారం కొమురవెల్లి మల్లన్న దగ్గర జనమే జనం. అయినవోలు మల్లన్న జాతర కూడా ఆ రోజుల్లోదే. మహాశివరాత్రికి వేములవాడ. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం సమ్మక్క-సారలమ్మ. ఆ రోజుల్లోనే కరీంనగర్ దగ్గరి రేకుర్తిలోనూ, మరికొన్ని ఊళ్లలోనూ సమ్మక్క గద్దెల వద్ద జాతర సాగుతుంది. ఎండలు ముదిరాక హుస్నాబాద్ రేణుకా ఎల్లమ్మ. మల్లన్నకైనా ఎల్లమ్మకైనా బోనం ఉండవలసిందే. బోనానికి కుండ కావలసిందే. ఇత్తడి బోనాలు, స్టీలు బోనాలు వచ్చినప్పటికీ మట్టికుండ స్థానం ఇంకా చెక్కుచెదరలేదు. అంటే వరుసగా నాలుగైదు నెలలు ఒకే గుడారం సామానుతో తిరగవచ్చునన్న మాట. గుడారానికి పెట్టే పైసలను ఒక్క జాతర మీద వేసుకుంటే బరువుగానే తోస్తుంది. అన్ని జాతరల మీదా వేసి చూస్తే అదేమంత పెద్ద ఖర్చు కాదు.

లెక్క ముందు, గుంజ తర్వాత

చాలామంది చేతివృత్తుల వారు జాతరకు పోయేముందు లెక్క కట్టరు. వచ్చాక గల్లా పెట్టె చూసుకుని 'బాగానే వచ్చింది' అనుకుంటారు. నెల తిరగకముందే అప్పు మళ్లీ తలుపు తడుతుంది. ధరలు ఊరికొక తీరు, ఏటికొక తీరు. అయినా లెక్క కట్టే పద్ధతి ఒక్కటే గనుక ఒక ఉదాహరణ చూద్దాం.

ఒక కుటుంబం 300 మట్టి వస్తువులతో మూడు రోజుల జాతరకు పోయిందనుకుందాం. చిన్నా పెద్దా కలిపి ఒక్కొక్కటి సగటున 80 రూపాయలకు అమ్ముడుపోతుంది. మట్టి తెచ్చిన కిరాయి, వాము కట్టెలు, రంగు కలిపి ఒక్కో దానికి 30 రూపాయలు పడింది. చేసిన వారి కూలి ఇందులో కలపలేదు. ఒక్కో వస్తువు మీద మిగిలేది 50 రూపాయలు. ఇక ఖర్చులు: ట్రాలీ ఆటోకు రానుపోను 3,000. స్థలానికి 1,500. దీపానికి 300. ఇద్దరి తిండికి 900. నూటికి ఐదు చొప్పున దారిలో 15 వస్తువులు పగిలితే వాటి తయారీ ఖర్చు 450. సొంత గుడారం సామాను 4,500 పెట్టి కొని ఏడాదికి మూడు జాతరల చొప్పున ఐదేళ్లు వాడితే ఒక్కో జాతరకు పడేది 300. అన్నీ కలిపితే 6,450 రూపాయలు. దీన్ని 50 తో భాగిస్తే 129. అంటే 129వ వస్తువు అమ్మే దాకా ఆ కుటుంబం ఆటోవాలా కోసం, స్థలం వాళ్ల కోసమే కూర్చున్నట్టు. తన కోసం కూర్చునేది 130వ కుండ నుంచే.

ఇదే కుటుంబం సొంత గుడారం లేక టెంట్ హౌస్ నుంచి రోజుకు వెయ్యి రూపాయలకు షామియానా తెచ్చిందనుకోండి. మూడు రోజులకు 3,000. ఖర్చు 9,150 అవుతుంది. అప్పుడు 183 వస్తువులు అమ్మితే గాని సొంత పైసలు మొదలు కావు. అదే ఇద్దరు కలిసి ఒక ఆటోలో పోయి, ఒకే గుడారంలో చెరి సగం కూర్చుంటే ఒక్కొక్కరికి కిరాయిలో 1,500, గుడారంలో 150 తగ్గుతుంది. ఖర్చు 4,800. అప్పుడు 96 వస్తువులకే ఒడ్డున పడతారు. ఒకరు కుమ్మరి, ఒకరు మేదరి అయితే ఇంకా మేలు. ఇద్దరి సామాను వేరు, ఇద్దరి గిరాకీ ఒక్కటే. పైగా గంపల్లో కుండలు పెట్టి తెస్తే పగిలేవి తగ్గుతాయి. ఒక్కరి చోటులో ఇద్దరు సర్దుకోవచ్చునా లేదా అన్నది మాత్రం స్థలం తీసుకునేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

తైబజారు సంగతి

స్థలం దగ్గరే చాలామంది మోసపోతారు. జాతరల్లో కొన్ని చోట్ల పంచాయతీ, కొన్ని చోట్ల దేవస్థానం దుకాణాల వసూలు హక్కును వేలం వేయడం వాడుక. పాడుకున్న గుత్తేదారు మనుషులు వచ్చి అడిగినంత ఇవ్వలేక కొందరు వెనక వరుసకు పోతారు. మొదటి రోజు ఒకరికి, రెండో రోజు మరొకరికి కట్టవలసి వచ్చిందని చిన్న దుకాణాల వారు చాలా జాతరల్లో వాపోతుంటారు. దీనికి విరుగుడు ఒక్కటే. వేలంలో నిర్ణయించిన రేటు ఎంతో ముందే పంచాయతీ కార్యాలయంలోనో, దేవస్థానం కార్యాలయంలోనో అడిగి రాసుకోవాలి. రసీదు ఇవ్వనిదే పైసలు ఇవ్వకూడదు. రసీదు మీద ఎన్ని రోజులకో, ఎన్ని అడుగులకో రాయించుకోవాలి. నలుగురైదుగురు కలిసి అడిగితే రసీదు వస్తుంది. ఒక్కరు అడిగితే గద్దింపు వస్తుంది.

చోటు ఎంచుకోవడంలో కూడా తెలివి ఉన్నది. గుడి ముంగిట దొరికే చోటు అన్నింటికంటే ఖరీదు. అయితే కుండకు అది మంచి చోటు కాదు. దర్శనానికి పోయేవాడు కుండ కొని చేత పట్టుకుని క్యూలో నిలబడడు. కొనేది తిరుగుదారిలోనే. అందుచేత బస్సులు, ఆటోలు ఆగే దిక్కు, జనం బయటికి వచ్చే దారి పక్కన చవకగా దొరికే చోటే కుమ్మరికీ మేదరికీ లాభం. బోనం కుండలు అమ్మేవారిది మాత్రం దీనికి తలకిందులు. వారు లోపలికి పోయే దారిలోనే ఉండాలి.

పల్లం చోటు తీసుకోకూడదు. నీళ్ల కొళాయి పక్కన అసలే వద్దు. బురద తొక్కుకుంటూ ఎవరూ బేరానికి రారు.

గాలి తోటే పంచాయితీ

'కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు' అన్న సామెత ఊరికే పుట్టలేదు. ఏడాది కష్టాన్ని నేలపాలు చేయడానికి గుదియే అక్కరలేదు. సరిగా కట్టని తాటిపత్రి ఒక్కటి గాలికి లేచి, గుంజతో సహా కుండల మీద కూలితే చాలు. ఎండాకాలపు జాతరల్లో ఈ ప్రమాదం మరీ ఎక్కువ. పొద్దంతా నిప్పులు చెరిగిన ఎండ, సాయంత్రం కాగానే గాలిదుమారం. ఐదు నిమిషాల్లో వచ్చి పోతుంది. అంతలోనే పని పూర్తి చేసి పోతుంది.

గుడారానికి పెద్ద సరంజామా ఏమీ అక్కరలేదు. ఆరు గట్టి వెదురు బొంగులు, అడ్డంగా కట్టడానికి నాలుగు సన్నవి, 12 అడుగుల పొడవు 10 అడుగుల వెడల్పు గల తాటిపత్రి ఒకటి, నైలాను తాడు, సుతిలి, గడ్డపార, పాత యూరియా సంచులు ఎనిమిది. పాత సైకిల్ ట్యూబులు ఊళ్లో రిపేరు దుకాణంలో చవకగా దొరుకుతాయి. వాటిని పట్టీలుగా కోసి తాటిపత్రి చెవులకూ తాడుకూ నడుమ కట్టాలి. గాలి గుంజినప్పుడు రబ్బరు సాగుతుంది గాని చెవి చిరగదు.

నేల మెత్తగా ఉంటే గుంజ అడుగున్నర నుంచి రెండడుగుల లోతు పాతాలి. పాతిన చుట్టూ రాళ్లు పెట్టి కూరాలి. ఒట్టి మట్టి కప్పితే ఒక్క రోజుకే వదులవుతుంది. గుట్టల దగ్గరి జాతరల్లో నేల రాయిగా ఉండి గడ్డపార దిగదు. అక్కడ పనికొచ్చేవి యూరియా సంచులు. ఇసుకను సగం వరకే నింపాలి. 45 కిలోల యూరియా పట్టే సంచిలో ఇసుక నిండా పోస్తే దాదాపు రెట్టింపు బరువవుతుంది, ఎత్తడానికి ఇద్దరు కావాలి. సంచిని గుంజ మొదట్లో ఊరకనే పెట్టి వదలకూడదు. గుంజ కొనకు కట్టిన తాడును ఏటవాలుగా బయటికి లాగి సంచికి కట్టాలి. గాలి గుంజేది పైకప్పునే గనుక బరువు కూడా పైకప్పుకే తగలాలి. చాలామంది తప్పేది ఇక్కడే. మొదట్లో నాలుగు రాళ్లు పెట్టి నిశ్చింతగా పడుకుంటారు.

పైకప్పు ముందు ఎత్తు, వెనక ఒక అడుగు పల్లంగా ఉండాలి. సాపుగా కడితే వాన నీరు మధ్యలో చేరుతుంది. 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు కప్పు మీద ఒక అంగుళం వాన పడితే చేరేది దాదాపు 190 లీటర్ల నీళ్లు. అంటే దాదాపు రెండు క్వింటాళ్ల బరువు. బొంగులు ఆగుతాయా?

వెనక గోడకు ప్లాస్టిక్ పట్టా కట్టడం ఇటీవల ఎక్కువైంది. అది గాలికి తెరచాప వలె ఉబ్బి గుడారాన్నే ఎత్తుకుపోతుంది. దానికంటే పూర్వం నుంచి ఉన్న వెదురు తడక మేలు. గాలి సందుల్లోంచి పోతుంది, నీడ నీడగానే ఉంటుంది, దానికే బుట్టలు, విసనకర్రలు తగిలించుకోవచ్చు. మేదరికి తడక సొంత ఇంటి సరుకే. చేర్యాల నకాషీ బొమ్మల వంటివి తెచ్చేవారు మాత్రం తడక లోపలి దిక్కున ఒక పాత చీర కట్టుకోవాలి. సుద్దమట్టి, చింతగింజల అంబలి పూతతో తయారయ్యే ఆ పటాలకు, చింతగింజల పిండి రంపపుపొట్టుతో చేసే ముఖాలకు తడి తగిలితే పని అయిపోయినట్టే.

దుకాణం ముఖం ఉత్తరానికి ఉంటే సంక్రాంతి రోజుల్లో ఎండ వెనక నుంచి పడుతుంది. కొనేవాడు నీడలో నిలబడి నింపాదిగా బేరమాడతాడు. ఎండలో నిలబడ్డవాడు బేరం కూడా ఆడడు, నడిచిపోతాడు.

మంచమే బల్ల

పట్నం ప్రదర్శనల్లో గాజు బీరువాలు, ఇనుప అరలు చూసి వచ్చినవారు తమకూ అటువంటివి కావాలని అప్పు చేయడం ఉన్నది. అనవసరం. ఇంట్లో ఉన్న నులక మంచం మీద రెండు చెక్కలు వేసి దుప్పటి పరిస్తే నడుం ఎత్తు బల్ల కాకపోయినా కూర్చుని అమ్మేవారికి సరిపోయే బల్ల అవుతుంది. రాత్రికి దుప్పటి తీస్తే అదే పడక. సరుకు విడిచి పడుకోవడం ఎట్లాగూ కుదరదు. పెద్ద గోలాలు, రంజన్లు నేల మీద వరిగడ్డి పరిచి పెట్టాలి. ఇటుకలు, చెక్కలు పేర్చి మూడు మెట్లు కట్టి ప్రమిదలు, గురుగులు, కూజాలు వాటి మీద పేర్చాలి. పిల్లలకు అందే ఎత్తులో మట్టి బొమ్మలు, ఈలలు. తల్లిని ఆపేది పిల్లవాడే.

తెచ్చినవన్నీ ఒకేసారి బయట పెట్టకూడదు. కుప్ప పోస్తే కొనేవాడికి కన్ను ఆనదు, 'ఇన్ని ఉన్నాయి గదా, వచ్చేటప్పుడు చూద్దాం' అని పోతాడు. తీరుకు నాలుగైదు బయట, మిగిలినవి మంచం కింద. ఎర్ర కుండలకు తెల్లబట్ట, కరీంనగర్ వెండి తీగ పని వంటి తెల్లని వస్తువులకు ముదురు నీలమో నల్లనో బట్ట నప్పుతుంది. నిర్మల్ బొమ్మలకు తమ రంగులే చాలు, వాటి కింద సాదా గోనెపట్ట పరిచినా ఎత్తి చూపుతుంది.

ఎండాకాలంలో రంజన్లు అమ్మేవారు ఒక రంజను నిండా నీళ్లు పోసి, మూత పెట్టి, గ్లాసు పెట్టాలి. దాహమైనవాడు తాగుతాడు, చల్లదనం తెలుస్తుంది. ఇంతకు మించిన ప్రచారం లేదు. కుండను తట్టి చూస్తామంటే వద్దనకూడదు. ఖంగుమనే కుండకు తట్టితే భయమేమిటి?

ధర పలక మీద సుద్దముక్కతో రాసి పెట్టడం గురించి పెద్దలు ఒప్పుకోరు. బేరం లేనిది జాతరే కాదంటారు. అందులో నిజం లేకపోలేదు. కాని చదువుకున్న ఆడపిల్లలు, ఉద్యోగస్తులు ధర అడగడానికి మొహమాటపడి పోవడం కద్దు. చిన్న వస్తువులకు రాసి, పెద్దవాటికి బేరం ఉంచుకోవడం ఇద్దరికీ నచ్చే మార్గం.

సెల్‌ఫోన్‌లో పైసలు వేసే అలవాటు పల్లెటూళ్లలో కూడా బాగా పెరిగింది గనుక క్యూఆర్ కోడ్ అట్ట దుకాణంలో కనపడేట్టు వేలాడదీయాలి. అయితే లక్షల జనం చేరిన చోట సిగ్నల్ అందదు. పది, ఇరవై రూపాయల చిల్లర బ్యాంకు నుంచి ముందే తెచ్చుకోని వారు ఏటేటా బేరాలు పోగొట్టుకుంటూనే ఉన్నారు.

దీపం, నిప్పు

జనరేటర్ వాడు బుగ్గకు ఇంత అని వసూలు చేస్తాడు. ఇంటి దగ్గర చార్జింగ్ పెట్టి తెచ్చుకునే ఎల్‌ఈడీ దీపాలు రెండుంటే ఆ ఖర్చు సగానికి సగం తగ్గుతుంది. ఎక్కడంటే అక్కడ తీగ తగిలించి కరెంటు లాగడం ప్రాణాల మీదికి తెచ్చే పని. 2019 జనవరి 30 రాత్రి హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్‌లో నిప్పంటుకుని వందకు పైగా దుకాణాలు బూడిదైన సంగతి మరువరానిది. 1938లో మొదలైన అంత పెద్ద ప్రదర్శనకే ఆ గతి పట్టినప్పుడు, వెదురూ ప్లాస్టిక్కూ వరిగడ్డీ కలిసిన జాతర గుడిసెలో పొయ్యి పెట్టడం ఎంత ప్రమాదమో ఆలోచించుకోవాలి. వంట గుడారానికి దూరంగా, గాలికి కింది దిక్కున పెట్టుకోవాలి. ఒక బకెట్ ఇసుక, ఒక రంజను నీళ్లు ఎప్పుడూ దగ్గర ఉండాలి. కుమ్మరికి ఆ రెంటికీ కొరత లేదు.

పట్నం దారి

జాతర దాటి పట్నం ప్రదర్శనలకు పోదలచిన వారికి ఖర్చు దారి వేరు. హైదరాబాద్ శిల్పారామం, 1994లో మొదలైన ఢిల్లీ హాట్, 1987 నుంచి ఫిబ్రవరిలో హర్యానాలో జరుగుతున్న సూరజ్‌కుండ్ మేళా వంటి చోట్ల గుడారం మోసుకుపోనక్కరలేదు. అక్కడ కావలసింది కాగితం. కేంద్ర జౌళి శాఖ హస్తకళల విభాగం ఇచ్చే 'పెహచాన్' గుర్తింపు కార్డు లేనిదే గాంధీ శిల్ప్ బజార్ వంటి ప్రభుత్వ ప్రదర్శనల్లో చోటు దొరకడం కష్టం. మహిళా సంఘాల వారికి సారస్ ప్రదర్శనలు వేరే ఉన్నాయి. ఆదిలాబాద్ ఓజాల డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అటువంటి గుర్తింపు ఉన్న సరుకుకు పట్నంలో మంచి ధర పలుకుతుంది. నీళ్ల రంజనుకు, బియ్యం చాటకు మాత్రం పట్నం కంటే పల్లె జాతరే నయం. కిరాయి పెట్టి ఢిల్లీకి కుండలు మోసిన వారికి కూలి కూడా గిట్టదు.

2023 సెప్టెంబరు 17న కేంద్రం ప్రారంభించిన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, బుట్టలు చాపలు అల్లేవారు, బొమ్మలు చేసేవారు అందులో ఉన్నారు. ఇంటికొక్కరికే అవకాశం. పనిముట్లకు 15,000 రూపాయలు, ఐదు శాతం వడ్డీకి మొదట లక్ష రూపాయల వరకు అప్పు, అది తీర్చాక రెండు లక్షల వరకు అప్పు అని పథకం చెబుతున్నది. జాతర ముందు నూటికి మూడు, నూటికి ఐదు చొప్పున నెల వడ్డీకి తెచ్చుకునే వారు ఈ లెక్కను ఆ లెక్కతో పోల్చి చూసుకోవాలి. నెలకు నూటికి మూడంటే ఏడాదికి 36.

ఆఖరి రోజు

మూడో రోజు మధ్యాహ్నం తర్వాత ధర తగ్గించాలా వద్దా అన్నది ఇంటింటా తగవు. పైన చెప్పిన లెక్కలో 30 రూపాయలు పడిన కుండను 40 కి ఇచ్చినా పది మిగులుతుంది. తిరిగి మోసుకుపోతే దారిలో పగలవచ్చు. వచ్చే వారమే ఇంకో జాతర ఉంటే ఆపుకోవచ్చు, లేకపోతే విడిచిపెట్టడమే మంచిది. అయితే పొద్దుటి నుంచే తగ్గించి అమ్మితే వచ్చే ఏడు జనం ఆఖరి సాయంత్రం దాకా కొనకుండా కాచుకుంటారు. అందుకే అనుభవజ్ఞులు కుండ ధర తగ్గించరు, కుండతో పాటు రెండు ప్రమిదలో, ఒక మూతో ఊరకే ఇస్తారు.

గుడారం విప్పేటప్పుడు తొందరపడి తాడు కోయకుండా ముళ్లు విప్పుకుంటే ఆ తాడే మరో మూడు జాతరలకు వస్తుంది. సంచుల్లోని ఇసుక అక్కడే పారబోసి ఖాళీ సంచులు మడిచి తెచ్చుకోవాలి. ఎండకు పిగిలిన సంచిని మళ్లీ వాడకూడదు. వెదురు బొంగులను ఇంటికి తెచ్చాక తడి నేల మీద వేయకుండా చూరు కింద కట్టి పెట్టాలి, లేకుంటే చెదలు పడతాయి. తాటిపత్రిని తడిగా మడవకూడదు. ఒక పూట ఎండలో ఆరేసి, మడతల్లో వేపాకు వేసి అటక మీద పెడితే ఎల్లమ్మ జాతర నాటికి ఎలుకలు కొట్టకుండా ఉంటుంది.